క్యాంపు పక్క ఊరికే మందుబిళ్లా?

కోంటా, దోర్నపాల్, ఉసూరు, పామేడు, భోపాలపట్నం దారుల్లో బతుకుతున్న అన్నలారా! అక్కలారా!

అయిదు కిలోమీటర్లు! ఈ లెక్క ఒకటి చెవిన వేసుకోండి.

2024 ఫిబ్రవరిలో రాయపూర్ సర్కారు నియద్ నెల్లానార్ అని ఒక పథకం తెచ్చింది. రోడ్డు, కరెంటు, మంచినీళ్లు, రేషను, అంగన్‌వాడీ, బడి, సెల్ టవరు, ఆయుష్మాన్ కార్డు... అన్నీ గడప దాకా తెస్తామన్నారు. మంచిదే! ఎవరి గడపకు? కొత్తగా పెట్టిన పోలీసు క్యాంపు చుట్టూ అయిదు కిలోమీటర్ల లోపు ఊళ్లకు!

మరి ఆరో కిలోమీటరు కాడ ఉన్నోళ్లు? అక్కడ ఆడోళ్లకు పురిటినొప్పులు రావా? ఏడో కిలోమీటరు కాడ దోమ కుట్టదా? పామును అడగండి, క్యాంపు ఎంత దూరమో కొలిచి కాటేస్తదేమో!

గీతను పదికి జరిపినా, ఇరవైకి జరిపినా గీత గీతే. మనం అడిగేది గీత ఎక్కడుందని కాదు. గీయడం ఏమిటని! జ్వరం ఎక్కడ ఎక్కువుందో చూసి నర్సును పంపాలా? క్యాంపు ఎక్కడుందో చూసి పంపాలా?

ఒక మాట ముందే చెప్పుకుందాం. రోడ్డు వద్దని మనం అనలేదు. బస్సు వద్దని అనలేదు. బీజాపూర్ జిల్లాలోనే ఉన్న పామేడు మనిషి తన జిల్లా ఆఫీసుకు పోవాలంటే ఏళ్ల తరబడి తెలంగాణలో చర్ల మీదుగా 200 కిలోమీటర్లు పైగా చుట్టి పోయాడు. సొంత కలెక్టరును చూడ్డానికి పరాయి రాష్ట్రం బస్సెక్కాడు! అట్లాంటి చోట నేరుగా బస్సు పడితే ఏడ్చేవాడెవడు? బస్సు రానీ. కానీ ఆ బస్సు పౌరుడి హక్కుగా రానీ. నువ్వు ఎటువైపు ఉన్నావో తేల్చి, ఆ పైన ఇచ్చే బిచ్చంగా వద్దు!

సిల్గేర్ గుర్తుందా? 2021 మే నెల. రాత్రికి రాత్రి క్యాంపు లేచింది. ఊళ్లకు ఊళ్లు వచ్చి రోడ్డు మీద కూర్చున్నాయి. వాళ్లు ఏమడిగారు? ఆసుపత్రి పెట్టండి, బడి పెట్టండి, క్యాంపు వద్దు అన్నారు. మే 17న తూటాలు పేలాయి. ముగ్గురు అక్కడికక్కడే పోయారు. అడిగింది సూదిమందు, దొరికింది తూటా! మూడేళ్లు తిరక్కుండా సర్కారే వచ్చి, క్యాంపు ఉంది కాబట్టి ఆసుపత్రి ఇస్తాం అంటే మనం చప్పట్లు కొట్టాలా?

పూవర్తిలో సీఆర్‌పీఎఫ్ వాళ్లు ఫీల్డ్ ఆసుపత్రి తెరిచారు. ఆ డాక్టరు మంచివాడే అయ్యుండొచ్చు, మందులూ మంచివే అయ్యుండొచ్చు. కానీ తుపాకులు, ముళ్లకంచె దాటి, పేరు రాయించుకుని పోయి ఎంతమంది ఆడోళ్లు కాన్పు చేయించుకుంటారు? కొడుకో తమ్ముడో ఏనాడో అడవిలోకి పోయిన ఇంటి తల్లి ఆ గేటు దాకా పోతదా? వైద్యం ఆరోగ్య శాఖ పని. ఆ శాఖ ఏది? ఎక్కడుంది?

ఇది కొత్త జబ్బు కాదు. ఇరవై ఏళ్ల పాత జబ్బు!

2005లో సల్వాజుడుం వచ్చింది. ఊరు వదిలి రోడ్డు పక్క శిబిరానికి వస్తే బియ్యం. ఊళ్లోనే ఉంటానంటే నువ్వు నక్సలైటువి. రేషను దుకాణం, బడి, నర్సు, అన్నీ రోడ్డు మీదికి లాక్కుపోయారు. 644 ఊళ్లు ఖాళీ అయ్యాయని కోర్టులో లెక్క చెప్పారు. వేలమంది హద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లో పడ్డారు. ఈనాటికీ అక్కడ వాళ్లకు ఎస్టీ సర్టిఫికెట్ లేదు. ఇక్కడ ఊరు లేదు, అక్కడ పేరు లేదు! 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ జుడుం దుకాణం రాజ్యాంగానికి విరుద్ధమని మూయించింది. ఆ పేరు పోయింది. ఆ బుద్ధి పోయిందా?

2010లో ఢిల్లీ నుంచి ఇంటిగ్రేటెడ్ యాక్షన్ ప్లాన్ వచ్చింది. 60 జిల్లాలు. జిల్లాకు మొదటి ఏడు 25 కోట్లు, మరుసటి ఏడు 30 కోట్లు. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చింది ఎవరు? ముగ్గురే ముగ్గురు. కలెక్టరు, ఎస్పీ, అడవి ఆఫీసరు. అంగన్‌వాడీ ఏ ఊళ్లో కట్టాలో ఎస్పీ చెప్తాడా! ఆ బల్ల చుట్టూ సర్పంచి లేడు. ఊరి ఆరోగ్యం చూసే మితానిన్ అక్క లేదు. గురూజీ లేడు. వాన కాలం ఏ వాగు దాటితే ప్రాణం పోతదో తెలిసినోళ్లు ఒక్కరూ లేరు.

ఆ తర్వాతి లెక్క ఇంకా వింతగా ఉంది, వినండి. నక్సల్ గొడవ బాగా ఉన్న జిల్లా అని ముద్ర పడితే కేంద్రం ప్రత్యేక సాయం కింద 30 కోట్లు. కొంచెం తగ్గి పక్క వరసలోకి జరిగితే 10 కోట్లు. 2025 ఏప్రిల్‌లో ఆ మొదటి వరస 12 జిల్లాల నుంచి 6కి దిగింది. అక్టోబరుకు 3 మిగిలాయి: బీజాపూర్, సుక్మా, నారాయణపూర్. కాంకేర్ ఏప్రిల్‌లో ఉంది, అక్టోబరుకు లేదు. శాంతి వచ్చిందని సంబరం చేశారు. సంబరమే! కానీ ముద్ర చెరిగిన రోజే మలేరియా చెరిగిందా? గొడవ తగ్గితే డబ్బు తగ్గుతది అంటే ఇన్నాళ్లూ డబ్బు ఇచ్చింది మన రోగానికా, తుపాకీకా?

హద్దు అవతల భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, అల్లూరి జిల్లాల్లో ఉన్న మన చుట్టాలూ 2025 ఏప్రిల్‌లో ఇదే నక్సల్ జిల్లాల పట్టికలో ఉన్నారు. వాళ్లకూ చెప్పండి. పట్టిక మొత్తం మాసిపోయిన నాడు ఏం చేస్తారో ఇప్పుడే అడగాలి. నక్సలిజం ముగింపుకు 2026 మార్చి 31 అని గడువు పెట్టింది ఢిల్లీయే కదా! రక్తహీనత ముగింపుకు గడువు ఏది? మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడోళ్లలో వందకు 61 మందికి రక్తం లేదని కేంద్ర సర్కారు సొంత ఆరోగ్య సర్వేనే, 2019-21 నాటిదే, చెప్పింది. ఏ హోం మంత్రి తేదీ పెట్టాడు దానికి?

ఇక కోటి రూపాయల కథ!

2025 ఏప్రిల్ 5న దంతెవాడలో బస్తర్ పండుం సభ. కేంద్ర హోం మంత్రి అమిత్ షా వచ్చారు. ఊళ్లో ఉన్న నక్సలైట్లందర్నీ లొంగదీసి, నక్సల్ లేని ఊరని అనిపించుకుంటే కోటి రూపాయల అభివృద్ధి పనులు అని ప్రకటించారు. ఆ నెలలోనే సుక్మా జిల్లా బడేసెట్టి పంచాయతీ ఆ వరసలో మొదటి పేరు అయ్యింది. బడేసెట్టికి కోటి రానీ, ఇంకా రెండు కోట్లు రానీ. మనకు కుళ్లు లేదు. కానీ ఆలోచించండి. ఏనాడూ తుపాకీ పట్టని ఊరికి ఏం దక్కింది? ఒక్క పిల్లాణ్నీ అడవికి పంపని ఊరు ఎవర్ని లొంగదీసి చూపిస్తది? ఇరవై ఏళ్ల కిందట ఇల్లు వదిలిన వాడు బతికున్నాడో లేడో తెలియని ఊరు ఎవర్ని పట్టుకొస్తది? గింజలు చల్లి కోళ్లను గూట్లోకి పిలిచినట్టు బోరు బావిని, బడి గదిని చల్లుతున్నారు మన ముందు! కోటి వస్తదంటే ఊళ్లో మాటలు ఎట్లా పుడతాయో మీకు తెలియదా? ఫలానా ఇంటి వల్లే మన కోటి ఆగిందని వేలు చూపిస్తారు. రచ్చబండ మీద రెండు వర్గాలు. పైసలు రాకముందే పగలు వస్తాయి.

అడవి లోపలోళ్లను, ఆ నక్సలైట్లను, ఏమీ అనవా అని ఎవరో అడుగుతారు. ఎందుకు అనం? బడి భవనాలు పేల్చింది వాళ్లు. రోడ్లు తవ్వింది వాళ్లు. మూతబడ్డ బళ్లను మళ్లీ తెరిచి, చిన్న జీతానికి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్న శిక్షాదూత్ కుర్రాళ్లను చంపింది వాళ్లు. మన పిల్లల్నే చంపారు! దానికి మాఫీ లేదు. బళ్లలో బలగాలు మకాం వేసింది కూడా నిజమే, ఖాళీ చెయ్యమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇద్దరికీ బడి అంటే ఒక గట్టి భవనం. మనకే అది బడి.

ఇప్పుడు అసలు సొమ్ము సంగతి చూద్దాం. సర్కారు పేద సర్కారు, అందుకే ఇవ్వలేకపోతోంది అనుకుంటున్నారా? అబద్ధం!

బైలాడిలా కొండ మనది. 1968 నుంచి తవ్వుతున్నారు. కిరందుల్ నుంచి కొత్తవలస మీదుగా విశాఖకు ఇనుం రైళ్లు పోతూనే ఉన్నాయి, అక్కడి నుంచి ఓడలెక్కి జపాను దాకా పోయింది మన కొండ. తవ్వే కంపెనీ ఎన్ఎండీసీ. దాని పెద్దాఫీసు హైదరాబాద్‌లో. మనకు మిగిలింది? శంకిని నది ఎర్ర నీళ్లు. 2024 జూలైలో వాన పడితే కిరందుల్ ఇళ్లలోకి ఎర్ర బురద.

2015లో చట్టం మార్చారు. గని ఉన్న జిల్లాకు ఖనిజ నిధి పెట్టాలన్నారు. దాన్నే డీఎంఎఫ్ అంటున్నారు. పాత లీజు గని అయితే రాయల్టీ మీద ఇంకో 30 శాతం ఆ నిధికి కట్టాలి. ఎవరికోసం? గని వల్ల నష్టపోయినోళ్లకోసం! మంచినీళ్లు, వైద్యం, చదువు లాంటి వాటికి కనీసం 60 శాతం అన్నారు, 2024లో దాన్ని 70 చేశారు. కాగితం మీద ఇంతకన్నా మంచి చట్టం ఏం కావాలి?

మరి ఆ నిధి కుర్చీలో ఎవరున్నారు? మొదట కలెక్టరు. 2018 చివర్లో రాయపూర్‌లో పార్టీ మారింది, 2019లో ఇన్‌ఛార్జి మంత్రి వచ్చి కూర్చున్నాడు. 2021లో ఢిల్లీ కళ్లెర్ర చేసింది, మళ్లీ కలెక్టరే అంది. కుర్చీ కోసం ఇంత కొట్లాట ఎందుకు? మన నీళ్ల మీద ప్రేమా? రాష్ట్రంలో డీఎంఎఫ్ పనుల్లో కాంట్రాక్టు విలువలో 25 నుంచి 40 శాతం దాకా కమీషన్లు పోయాయని ఈడీ ఆరోపించింది. ఐఏఎస్ ఆఫీసరే అరెస్టయ్యారు. కేసులు కోర్టులో ఉన్నాయి, తీర్పు కోర్టు చెప్తది. కానీ ఇందులో కిటుకు తెలుసుకోవడానికి తీర్పు దాకా ఆగక్కర్లేదు.

భవనం కడితే టెండరు ఉంటది. టెండరుంటే వాటా ఉంటది. శిలాఫలకం ఉంటది, దాని మీద పేరు ఉంటది. ఎన్నికల ముందు రిబ్బను కోసి ఫోటో దిగొచ్చు. నర్సుకు నెల నెలా జీతం ఇస్తే? శిలాఫలకం లేదు. రిబ్బను లేదు. వాటా లేదు! అందుకే మన ఊళ్లలో రంగులేసిన గోడలు దొరుకుతాయి, గోడల మధ్య మనిషి దొరకడు. సామాను కొంటారు, దాన్ని నడిపేవాణ్ని పెట్టరు. తాళం వేసిన ఆరోగ్య ఉపకేంద్రం మీ దారిలో ఎన్ని కనిపిస్తాయో మీరే లెక్క పెట్టుకోండి. డబ్బు వచ్చింది. ఖర్చయింది. సేవ రాలేదు. ఎక్కడ ఆగిందో ఇప్పుడు తెలిసిందా?

రోడ్డు కూడా ఇదే కథ. నేలసనార్ నుంచి మిర్తూర్ మీదుగా గంగలూరు రోడ్డు. 50 కోట్లకు మొదలైన పని 120 కోట్లు అయ్యింది. రోడ్డు మాత్రం గుంటలే! ఆ గుంటల్ని కెమెరాకు చూపించాడు మన బీజాపూర్ విలేకరి ముకేశ్ చంద్రాకర్. 2025 జనవరి 1న మాయమయ్యాడు. 3న కాంట్రాక్టరు స్థలంలో సెప్టిక్ ట్యాంకులో, పైన కొత్త సిమెంటు పోసి ఉండగా, శవం దొరికింది. ప్రధాన నిందితుడైన ఆ కాంట్రాక్టరును పోలీసులు హైదరాబాద్‌లో పట్టుకున్నారు. మన రోడ్డు లెక్క అడిగినందుకు ఒక మనిషి ప్రాణం పోయింది. అడగాల్సింది అతనొక్కడేనా?

పార్టీల సంగతి కూడా తేల్చుకుందాం. ఒక సర్కారు 2020లో కిలో పేడ రెండు రూపాయలకు కొన్నది, ఊరూరా పశువులకు గోఠాన్లు కట్టింది. పార్టీ మారింది. పేడ లేదు, గోఠాన్ పాడుబడింది. ఒక సర్కారు తునికాకు కోసేవాళ్లకు చెప్పులిచ్చింది, ఇంకోటి వచ్చి ఆపింది, మొదటిది మళ్లీ వచ్చి 2025లో మళ్లీ ఇచ్చింది. మన కాళ్లు మాత్రం ఆ మధ్యలో ఏ పార్టీవి? ముల్లు ఆగిందా! 2018 తర్వాత బస్తర్‌లో 12 సీట్లూ కాంగ్రెస్ చేతిలో పడ్డాయి. కోంటా ఎమ్మెల్యే అయిదేళ్లు మంత్రి. కోంటా ఆడోళ్లు పురిటికి భద్రాచలం పోవడం ఆగిందా? 2023లో బీజేపీకి 8, కాంగ్రెస్‌కు 4. ఇప్పుడు ఆగిందా?

నెలకు వెయ్యి రూపాయలు మహతారీ వందన్ వస్తోంది. తీసుకోండి అక్కా! అది ఎవడి జేబులోదీ కాదు, మన పన్నే. కానీ ఆ వెయ్యి ఏమవుతోంది? జీపు కిరాయికి భద్రాచలం, అక్కడ స్కానింగు, మందుల చీటీ. ఒక్క జ్వరానికి వెయ్యి ఎగిరిపోద్ది. ఇంటి పక్క నర్సు ఉంటే ఆ వెయ్యితో బియ్యంలోకి పప్పు వచ్చేది. చేతిలో పైసలు పెట్టి ఆసుపత్రిని ఎగ్గొట్టడం సాయమా?

ఫిబ్రవరి వస్తే మనం ఏం చేస్తాం? పిల్లల్ని వెంటేసుకుని మిర్చి కోతకు తెలంగాణ పోతాం. బడిలో గురూజీ లేడు, ఊళ్లో పని లేదు, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి? 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడితే అట్లా మిర్చి చేనుకు పోయిన 12 ఏళ్ల పాప బీజాపూర్ వైపు నడిచీ నడిచీ ఇంటికి కొద్ది దూరంలో ప్రాణం వదిలింది. ఆ వయసు పిల్ల ఉండాల్సింది మిర్చి చేనులోనా? ఆ పాపను చంపింది లాక్‌డౌన్ ఒక్కటే అనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నట్టు.

అయితే ఏం చేద్దాం? ఏడుస్తూ కూర్చుందామా? లేదు! చట్టం మన చేతిలో ఉంది. వాడుకుందాం!

ఆదివాసీ ప్రాంతాల గ్రామసభలకు హక్కులిచ్చే పెసా చట్టం 1996లో వచ్చింది. దాని రూల్స్ మన రాష్ట్రంలో 2022లో వచ్చాయి. ఆ చట్టంలో ఒక ముక్క ఉంది, పంచాయతీ సచివ్ మీకు చదివి చెప్పడు, కాబట్టి మేం చెప్తున్నాం: పంచాయతీ ఖర్చు పెట్టిన సొమ్ము నిజంగానే ఖర్చయిందని సర్టిఫికెట్ ఇవ్వాల్సింది గ్రామసభ! అంటే మీరు! మీరు చూడకుండా, మీరు ఒప్పుకోకుండా ఆ కాగితం చెల్లదు. కాబట్టి ఖాళీ రిజిస్టరు మీద వేలిముద్ర వెయ్యకండి. పింఛను కోసం అన్నా సరే, రేషను కోసం అన్నా సరే, పైన ఏం రాసుందో చదివించుకోకుండా వెయ్యకండి! బైలాడిలా కాడి హిరోలీ ఊరి సంగతి యాదికి తెచ్చుకోండి. నందరాజ్ కొండ మీద 13వ నంబరు గనికి ఊరు ఒప్పుకుందని 2014లో గ్రామసభ కాగితం పుట్టింది. అది దొంగ సభ అని 2019 జూన్‌లో వేలమంది విల్లంబులు పట్టుకుని కిరందుల్ కాడ కూర్చున్నారు. సర్కారు పని ఆపింది, విచారణకు ఒప్పుకుంది. ఒక్క తూటా లేకుండా!

ఈసారి గ్రామసభకు ఇంటికి ఇద్దరు చొప్పున రండి. ఒకరు ఆడ మనిషి కావాలి, ఎందుకంటే నీళ్లు మోసేది ఎవరో, కాన్పు బాధ ఎవరిదో అందరికీ తెలుసు. నాలుగు మాటలు అడగండి, జవాబు రిజిస్టరులో రాయించండి. మా ఊరి పేరు మీద డీఎంఎఫ్ నుంచి, ఢిల్లీ నుంచి ఎంత వచ్చింది? ఆ డబ్బుతో గోడ ఎంత, మనిషి జీతం ఎంత? మా ఉపకేంద్రంలో నర్సు పోస్టు ఉందా, ఉంటే ఆమె ఎక్కడ? క్యాంపు దూరం చూడకుండా, జ్వరాల లెక్క చూసి, వాగులు చూసి మా ఊరికి వైద్యం ఎప్పుడిస్తారు?

చెప్పకపోతే? సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయలు. పేదరికం కార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చదువుకున్న పిల్లలారా, మీ పని ఇదే! ఒక్కొక్కరు ఒక్కో ఊరికి రాయండి. ఒంటరిగా ఒక్కడి పేరు మీద వెయ్యకండి. ఊళ్లో పదిమంది వెయ్యండి, ఒకే రోజు వెయ్యండి. పదిమందిని భయపెట్టడం కష్టం.

ఎవరైనా వచ్చి మీరు ఎటువైపు అని అడుగుతారు. తప్పకుండా అడుగుతారు! మేం జ్వరమొచ్చిన పిల్ల వైపు అని చెప్పండి. అంతకుమించి జవాబు చెప్పాల్సిన అవసరం ఏ పౌరుడికీ లేదు.

ఈ కాగితం చించకండి, పక్క ఊరికి పంపండి. చదవడం రానోళ్లకు చదివి వినిపించండి. దోర్లలో చెప్పండి, గోండీలో చెప్పండి, హల్బీలో చెప్పండి. వారం అంగడిలో, మహువా చెట్ల కింద, తునికాకు కల్లం కాడ, మిర్చి కోతకు పోయే ట్రాక్టరులో చెప్పండి. గ్రామసభ తేదీ సచివ్‌ను ఇవాళే అడగండి. చెప్పకపోతే రేపు పదిమంది కలిసి పోయి అడగండి!